పాలేనికి ఒక్క సీటు

హైస్కూలు గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. పిల్లలు లోపలికి పోవచ్చు, పెద్దలు బయటే ఉండాలన్నాడు బంట్రోతు. నా కూతురు నవోమి నా చెయ్యి వదిలి, పరికిణీ సర్దుకుని, పెన్సిలు గుప్పిట్లో పట్టుకుని పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. దాని పక్కన నడిచినవాడు మా పాలెం చోటే సాహెబ్ కొడుకు అల్లావుద్దీన్. వాడు మాత్రం తిరిగి తిరిగి చూశాడు.

బోర్డు హైస్కూలు జిల్లా పరిషత్తు హైస్కూలుగా పేరు మారిన మరుసటి ఏడు అది. జూన్ నెల. వానలు ఇంకా పడలేదు. అంతకు ముందు అయిదు పాసైతే చాలు, ఆరులో చేర్చుకునేవాళ్లు. ఆ ఏడు పిల్లలు ఎక్కువైనారని పరీక్ష పెట్టారు. కాలవకు ఇటు పక్క పాలేల నుంచి, అటు పక్క ఊళ్ల నుంచి, రైలు కట్ట అవతలి నుంచి కూడా పిల్లల్ని తీసుకొచ్చారు. ఇంతమందికీ ఉన్నది ఒక గది.

గేటు ముందు నీడ లేదు. అందరం గోడ పక్కకు చేరాం. ఆ బడి కట్టేటప్పుడు శ్రమదానం అంటే మా పాలెం వాళ్లం పడవల్లో ఇసుక తోలాం. ఉప్పు కొటారులో పనిచేసే ఓబయ్య గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అతని కొడుకు కూడా లోపల రాస్తున్నాడు.

"ఈ గోడలో నా ఇసక ఎంతుండాదో నాకు తెలుసు. నా బిడ్డకు మాత్రం ఇందులో చోటు లేదంట" అన్నాడు.

"ఇంకా రాస్తావుండారు గదా, అప్పుడే లేదంటావేంది?" అన్నాడు చోటే సాహెబ్.

"జీపు చూళ్లేదా సాయిబూ?"

జీపును అందరం చూశాం. సూళ్లూరుపేట నుంచి ఒక కాంట్రాక్టరు కొడుకును దించడానికి వచ్చాడు. ఆయనకు బంట్రోతు గేటు రెండు రెక్కలూ తీశాడు. ఆయన ఆఫీసు గదిలో కూర్చున్నాడు. గ్లాసుతో కాఫీ లోపలికి పోవడం కూడా మాకు కనపడింది.

"పాపం, ఆయన కూడా పరీక్ష రాస్తావుండాడేమో" అన్నాడు చోటే సాహెబ్.

ఎవరో నవ్వారు. జయశీల నవ్వలేదు. జయశీల నా భార్య. గేటు కమ్మీలు పట్టుకుని లోపలికే చూస్తూ నిలబడి ఉంది. "ఎండలో ఎందుకమ్మా, పరీక్ష నీకు కాదు గదా" అని బంట్రోతు చెప్పినా కదల్లేదు. ఆమె బడి మొహం చూడలేదు. చర్చిలో పాస్టరమ్మ దగ్గర అక్షరాలు కూడబలుక్కుని బైబిలు వరకూ వచ్చింది. నాది మూడో తరగతితో సరి. మాకు ఒక్కతే పిల్ల.

నవోమి బయటికి వచ్చేసరికి మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"బాగా రాసినావా?" అంది వాళ్లమ్మ.

"రాసినా. అమ్మా, ఆడ ఒక్కో పాఠానికి ఒక్కో అయ్యవారంట. గంట కొడితే ఈయన పోతాడంట, ఇంకొకాయన వస్తాడంట."

మా పాలెం బడిలో అన్ని తరగతులకూ ఒకే అయ్యవారు. తపాలా పని కూడా ఆయనే చూసేవాడు. జాబులు ఎక్కువగా వచ్చిన రోజు లెక్కలు ఉండేవి కావు.

"లెక్కలకు వేరే, తెలుగుకు వేరే. సైన్సుకు కూడా ఒకాయన ఉండాడంట మా."

పడవ ఎక్కేదాకా అదే చెప్పింది. ఎక్కాక కూడా అదే. నేను గడ వేస్తూ విన్నాను.

పేర్లు చెప్పడానికి ఇంకా వారం పైన ఉంది. ఆ వారంలో పిల్లలిద్దరూ రేవులో హైస్కూలు ఆట కనిపెట్టారు. పళ్లెం మీద కొబ్బరి చిప్పతో కొట్టడం, ఒకరు లేచిపోవడం, ఇంకొకరు వేరే అయ్యవారై రావడం. అల్లావుద్దీన్ అయ్యవారైతే పాఠం కంటే నడక ఎక్కువ. నవోమి అయితే పాఠం అయ్యేదాకా గంట కొట్టనిచ్చేది కాదు.

పెద్దవాళ్లకు వేరే ఆట పట్టుకుంది. ఫలానా ఆయన సమితి ప్రెసిడెంటును కలిశాడట, ఫలానా ఆయన మెంబరు గారి చేత చీటీ రాయించాడట అని రోజూ ఒక మాట వచ్చేది.

"నువ్వూ పోయి ఒక మాట చెప్పరాదా?" అంది జయశీల.

"ఎవరికి?"

"నాకేం తెలుసు? చెప్పేవాళ్లు ఎవరికో ఒకరికి చెప్తానే ఉండారు గదా."

చోటే సాహెబూ నేనూ ఒక పొద్దున ప్రెసిడెంటు ఇంటికి పోయాం. అరుగు మీద మాలాంటి తండ్రులు బారుగా కూర్చుని ఉన్నారు. ప్రెసిడెంటు బయటికి వచ్చి, అందరినీ ఒకేసారి చూసి, "చూద్దాం" అన్నాడు. లోపలికి పోయాడు.

"ఒక్క మాటతో అందరికీ సీట్లిచ్చినాడన్నా. మహానుభావుడు" అన్నాడు చోటే సాహెబ్, తిరిగి వస్తూ.

మా పడవను తయారుచేసింది ఆయనే. వడ్రంగి మనిషి. పడవకని ఒక పాలు ఆయనకు రావాలి. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక వలకు కూడా వచ్చేవాడు. ఏడాదిలో ఎక్కువగా రొయ్యలే. సాయంత్రం రేవుకు వచ్చి పట్టినదంతా కుప్పలు పోస్తాం. ఎంత సమంగా పోసినా ఒక కుప్ప కాస్త బాగుంటుంది. అందుకని గుర్తులు వేస్తాం. ప్రతివాడూ చేతికందింది ఒకటి ఇస్తాడు. పుల్లో, బీడీ ముక్కో, తాడు పీచో. ఏది ఎవరిదో చూడనివాళ్ల చేతిలో అవన్నీ పోస్తాం. వాళ్లు ఒక్కో కుప్ప మీద ఒకటి పెట్టుకుంటూ పోతారు. ఎవరి గుర్తు దేని మీద పడితే అది వాళ్లది. ఇక మారుమాట లేదు. అన్నదమ్ములైనా అంతే.

మా రేవులో గుర్తులు వేసేది పెంచలమ్మ. మొగుడు పోయాక పాలెం ఆమెకు ఆ పని ఇచ్చింది. తలా ఒక పిడికెడు రొయ్యలు ఆమెకు పెట్టేవాళ్లం. మేం గుర్తులు ఏరుకునేటప్పుడు నీళ్ల వైపు తిరిగి నిలబడేది.

చోటే సాహెబ్ రోజుకొక వస్తువు ఇచ్చేవాడు. నాది ఎప్పుడూ తాటాకు ముక్కే. దానికి ఒక ముడి వేస్తాను. వల కట్టే చెయ్యి కదా, ఊరికే ఉండదు.

పేర్లు చదివే రోజున గేటు తెరిచే ఉంచారు. హెడ్మాస్టరు గారు కాగితం పట్టుకుని వరండా మీదికి వచ్చారు. సన్నటి మనిషి. రాత్రి నిద్రపోయినట్టు లేరు. కాంట్రాక్టరు కొడుకు పేరు మొదట్లోనే వచ్చింది. చీటీలు రాయించుకున్నవాళ్ల పేర్లు కొన్ని వచ్చాయి. ఏ చీటీ లేని పిల్లల పేర్లూ వచ్చాయి, అబద్ధం చెప్పకూడదు. ఆయన కాగితం మడిచారు. నవోమి పేరు రాలేదు.

అందరూ ఒకేసారి అందుకున్నారు.

"అయ్యా, నా బిడ్డ అయిదు పాసైనాడు. పైన తరగతి లేనప్పుడు పాసెందుకు చేసినారు?" అన్నాడు ఓబయ్య. అతని కొడుకు పేరు కూడా లేదు.

"విద్యా సెస్సు కట్టించుకునేటప్పుడు మాకేం పరీక్ష పెట్టలేదే?" అన్నాడు వెనక నుంచి ఇంకొకాయన.

"జీపు కొనుక్కుని వచ్చే ఏడు వస్తాం లే సామీ" అంది ఒకామె.

హెడ్మాస్టరు గారు అన్నీ విన్నారు. కోప్పడలేదు. "ఇంకొక గది కోసం, ఇంకొక అయ్యవారి కోసం నేను రాయని జాబు లేదు. ఒక్కదానికీ జవాబు లేదు. పిల్లల్ని తీసుకుని ఎక్కడ కూర్చోబెట్టేది, నా నెత్తినా?" అన్నారు. తర్వాత మమ్మల్ని వెతుకుతున్నట్టు చూశారు. "పాలెం నుంచి వచ్చిన హెబ్రోను ఎవరు? చోటే సాహెబ్ ఎవరు?"

ఇద్దరం ముందుకు పోయాం. జయశీల నా వెనకే వచ్చింది.

"ఒక్క సీటు మిగిలింది. దానికి మీ పిల్లలిద్దరూ సమానంగా నిలిచారు. మార్కు ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను ఎవరి పేరు రాసినా రెండోవాళ్లు నన్ను జన్మంతా తిడతారు. తిట్లు నాకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. మీరే తేల్చుకుని రేపు పొద్దున ఒకరిని తీసుకురండి."

"రెండో బిడ్డ వచ్చే ఏడు రాయొచ్చునా అయ్యా?" అంది జయశీల.

"పన్నెండు దాటితే రాయనివ్వరమ్మా. ఇద్దరికీ దాటిపోతాయి."

మా పాస్టరు గారు అంతకు ముందే ఒక బోర్డింగు బడికి జాబు రాసి చూశారు. నిండిపోయిందని వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలిద్దరూ పడవ మొనలో కూర్చున్నారు. ఎప్పుడూ ఒకరినొకరు తోసుకుంటూ కూర్చునేవాళ్లు, ఆ రోజు మధ్యలో చోటు వదిలారు.

ఓబయ్య కూడా మా పడవలోనే వస్తున్నాడు. "ఇందులో తేల్చేదేముండాది? హెబ్రోనుది ఆడపిల్ల. రేపు పెళ్లయి పోయేదానికి ఆరో తరగతి ఏం చేసుకోను? సాయిబు కొడుకును పంపండి" అన్నాడు.

జయశీల నా వైపు చూసింది, నేను ఏదైనా అంటానని. నాకు మాట ఎప్పుడూ వెంటనే రాదు. గడ దించాను, ఎత్తాను.

చోటే సాహెబే అన్నాడు. "పరీక్షలో ఆడబిడ్డకు సులువు లెక్కలిచ్చినారా ఓబయ్యా? ఇద్దరూ అవే లెక్కలు చేసినారు. అవే మార్కులు తెచ్చుకున్నారు." తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నా, గుర్తులు వేద్దాం. ఆ బడోళ్లకు జీపు కనపడతాది, ఇస్త్రీ చొక్కా కనపడతాది. మన గుర్తులకు కళ్లు లేవు. ఎవరికి పడితే వాళ్లు. ఏమంటావు?"

సరేనన్నాను.

రేవుకు చేరగానే జయశీల ముందు దిగి పోయింది. నేను పడవ కట్టేసి పోయేసరికి పెంచలమ్మ గుడిసె ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. పెంచలమ్మ నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. గొంతు తగ్గించింది.

"నాకు జరమొచ్చినప్పుడు గంజి కాచి పోసిన బిడ్డ నవోమి. నువ్వేం దిగులు పడబాక అబ్బయ్యా. ఎప్పుడూ ఇచ్చేదే ఇయ్యి. నీ ముడి నా చేతికి తెలీదా?"

జయశీల నేల చూస్తోంది. ఆమె అడిగిందో, పెంచలమ్మే అన్నదో నేను అడగలేదు. ఇన్నేళ్లలో మంచి కుప్ప నాకు పడిన సాయంత్రాలు కొన్ని గుర్తొచ్చాయి. వాటి గురించి ఆలోచించకూడదనుకున్నాను.

వెలుతురు ఉండగానే అందరూ చేరారు. చోటే సాహెబ్ భార్య బడేబీ కూడా వచ్చింది. చోటే అంటే చిన్న, బడే అంటే పెద్ద కాబట్టి, పేర్లకు తగ్గట్టే ఆ ఇంట్లో పెద్ద ఆమే అని పాలెంలో నవ్వుకునేవాళ్లు. ఆ సాయంత్రం మాత్రం కొంగు పళ్ల మధ్య పెట్టుకుని, కొడుకు భుజం పట్టుకుని నిలబడింది.

చోటే సాహెబ్ ఒక పలక తెచ్చి ఇసుక మీద పెట్టాడు. "పలక మీద ఎవరి గుర్తు పడితే వాళ్లది సీటు. రెండోది ఇసక మీద వెయ్యి అవ్వా" అన్నాడు.

పెంచలమ్మ నీళ్ల వైపు తిరిగింది. చోటే సాహెబ్ వంగి ఒక సర్వి చెట్టు పుల్ల ఏరుకున్నాడు. నా కాళ్ల దగ్గరే తాటాకు పడి ఉంది. వంగాను. చెయ్యి దాని మీదికి పోయింది. తల ఎత్తితే చోటే సాహెబ్ మొహం అవతలికి తిప్పుకుని ఉన్నాడు. పక్కవాడి గుర్తు ఏమిటో తోటివాడు కూడా చూడకూడదనేది ఆయన పద్ధతి. వేరే ఎవరూ అంత పట్టించుకునేవాళ్లు కాదు.

బడికి పోయి వచ్చిన చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. దాని గుండీ తెంపి ఓబయ్యకు ఇచ్చాను.

ఓబయ్య రెండూ తీసుకుపోయి ఆమె చేతిలో పోశాడు. పెంచలమ్మ ఇటు తిరిగి గుప్పిట విప్పింది. వేలితో వాటిని అటూ ఇటూ కదిపింది. అడుగున ఇంకేమైనా ఉందేమోనన్నట్టు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏందవ్వా, వెయ్యి" అన్నారెవరో.

ఆమె వంగి పుల్లను పలక మీద పెట్టింది.

గుండీని ఇసుక మీద వేయలేదు. నా చొక్కాలో గుండీ తెగిన చోటు చూసి, దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, గుడిసెలోకి పోయింది.

చోటే సాహెబ్ నా దగ్గరికి వచ్చాడు. నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. బడేబీ నవోమిని పొదువుకుని ఏడ్చింది. నవోమి ఏడవలేదు. ఆమె చేతుల్లోంచి వచ్చి, పలక తీసి, దానికంటిన ఇసుక పరికిణీతో తుడిచి అల్లావుద్దీన్‌కు ఇచ్చింది.

మరునాడు పొద్దున చోటే సాహెబ్ కొడుకును తీసుకుని బడికి పోయాడు. జయశీల నా చొక్కా ముందు వేసుకుని గుండీ కుట్టడానికి కూర్చుంది.

"గుడ్డ కూడా చిరిగింది" అంది.

"ఊఁ."

కుట్టడం అయ్యాక దారం కొరికి, చొక్కా మడిచి నా పక్కన పెట్టింది. "నీ చెయ్యి యాడికి పోయి యాడికొచ్చిందో బిడ్డ కూడా చూసింది. నేనొక్కదాన్నే కాదు" అంది.

ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నవోమి ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కోనాడు, చేసింది సరే అనిపిస్తుంది. ఒక్కోనాడు ఏ పనీ లేకుండా కూర్చుని ఉంటే, వేళ్లు వాటంతట అవే ముడి వేస్తున్నట్టు కదులుతాయి.

బళ్లు తెరిచారు. హైస్కూలు ఉన్న గట్టు మీదే రొయ్యలు వలిచే కొట్టం ఒకటి ఉండేది. జయశీల అక్కడికి పనికి పోయేది. ఆ ఏటి నుంచి నవోమి కూడా పోయింది. అందుకని పొద్దున ముగ్గురినీ ఒకే పడవలో దించేవాణ్ణి. సాయంత్రం జయశీల ముందుగా ఎవరి పడవలోనో వంటకు వచ్చేసేది. పిల్లలిద్దరినీ నేను తీసుకొచ్చేవాణ్ణి.

మొదటి రోజు పడవ గట్టుకు ఆనగానే అల్లావుద్దీన్ దిగబోయి ఆగాడు. నవోమి వైపు చూశాడు.

"పోరా, గంట కొట్టేస్తారు" అంది నవోమి.

వాడు పరుగెత్తాడు. గంట మాకూ వినపడింది. నవోమి బుట్ట నెత్తిన పెట్టుకుని, గంట ఆగేదాకా గట్టు మీదే నిలబడింది.

మొదట్లో సాయంత్రాలు బాగుండేవి. వాడు పడవ ఎక్కకముందే నవోమి మొదలుపెట్టేది. ఎవరెవరు వచ్చినారు, ఏమేం చెప్పినారు, నల్లబల్ల మీద రాసింది తుడిచేసినాడా, ఉంచినాడా. వాడు చెప్పిందంతా తిరిగి అప్పజెప్పేది. ఆకులు గాలి పీలుస్తాయని సైన్సాయన చెప్పాడట.

"ఆకుకు ముక్కు యాడుండాది?" అంది నవోమి.

"ఉంటాది. మనకు కనపడదు."

"ఆయనకు కనపడిందా?"

"రేపు అడుగుతా."

మరునాడు అడిగే వచ్చాడు. బెంచీ ఎక్కించారని చెప్పాడు. ఇద్దరూ పడవ ఊగేలా నవ్వారు. ఆ నాళ్లలో నాకు గడ బరువు తెలియలేదు.

వానలు పట్టాయి. అల్లావుద్దీన్‌కు బడిలో స్నేహితులు కుదిరారు. రొయ్యల కొట్టం పిల్లతో మాట్లాడతాడని ఎవరో వెక్కిరించారట. బడేబీ జయశీలతో చెప్పి బాధపడింది. వాడు చెడ్డవాడు కాదు. పడవ ఎక్కి నేరుగా మొనలోకి పోయి, అటు తిరిగి పుస్తకం తెరిచేవాడు. నవోమి అడిగితే "ఏముండాది, పాఠాలే" అనేవాడు. కొన్నాళ్లకు అది అడగడం మానేసింది. వెనక నా కాళ్ల దగ్గర కూర్చునేది. చేతులు వాసన చూసుకునేది. నీళ్లలో ముంచి కడుక్కుని మళ్లీ చూసుకునేది.

దసరా సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఒక సాయంత్రం వాన వెలిసి, కాలవ నిండుగా ఉంది. వాడు ముందు, నవోమి వెనక, మధ్యలో ఖాళీ బుట్టలు. నవోమి మెడ చాచి చూస్తోంది. వాడి భుజం మీదుగా పుస్తకం పేజీ కొంచెం కనపడుతోంది. అంత దూరానికి అక్షరాలు అందవు. అయినా చూస్తోంది.

నేను గడ ఎత్తి పడవలో పెట్టాను. పడవ కాస్త దూరం దానంతట అదే పోయి నిలిచింది.

"అబ్బీ" అన్నాను.

అల్లావుద్దీన్ ఉలిక్కిపడి తిరిగాడు. నేను వాణ్ణి పిలిచి మాట్లాడింది ఎప్పుడూ లేదు. "ఏంది మామా?"

"ఈ పొద్దు బడిలో ఏం చెప్పినారు?"

వాడు నవోమిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. "నీకా మామా?"

"నాకే. మొదటి గంట కాణ్ణుంచి చెప్పు. గట్టిగా చెప్పు, నాకు సరిగా వినపడదు."

నాకు చెవులు బాగానే వినపడేవి. వాడు పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నవోమి మొహం నీళ్ల వైపు తిప్పుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

రేవు తొందరగా రాకుండా, గడ నెమ్మదిగా వేశాను.